పూటకట్టు

రెండు పాదాలకూ తడిగుడ్డలు చుట్టుకుని కాలేజీ పనివాడు అప్పడు బాస్కెట్‌బాల్ కోర్టు మీద ఈ రింగు కింద నుంచి ఆ రింగు కిందకి జారుతూ నడుస్తున్నాడు. ఇది నాలుగో తిరుగుడు. ఇంకా రెండున్నాయి. నేల తుడవడానికి కాలేజీ వాళ్ళు కొన్న యంత్రం ఒకటి మూలన ముసుగేసుకుని ఉంది గాని, దాని మీద అతనికి గౌరవం లేదు. అది తడి పీల్చుకుంటుంది, జిడ్డు వదిలేస్తుంది. ఎక్కడ జిడ్డుందో అరికాలికే తెలుస్తుంది. పాత సిమెంటు కోర్టు రోజుల్లో వాన వెలిసిన ప్రతిసారీ గోనెసంచులు కట్టుకుని ఇలాగే ఆరబెట్టేవాడు. తర్వాత పైన కప్పు వచ్చింది, కింద చెక్క వచ్చింది, అతని నడక మాత్రం మారలేదు.

ఈ రోజు నేల మీద జిడ్డొక్కటే కాదు. నిన్న సాయంత్రం అలంకరణకు వచ్చినవాళ్ళు కోర్టు నడిమధ్య కూర్చుని కోడి అన్నం తిని, ఎముకలు సగం పొట్లాల్లో, సగం బయట వదిలేసి వెళ్ళారు. మిరపకాయ పచ్చడి ఒకచోట ఎండి అంటుకుపోయింది. చెక్క మీద జిగురు టేపు బారెడు బారెడు అంటించారు. అప్పడు గోటితో అంచు లేపి లాగితే వార్నీషు పెచ్చు కూడా లేచి వచ్చింది. తిన్న చోటు ఎత్తుకోవడం చేతకాని ఈ మనుషులే మధ్యాహ్నం వచ్చి గొప్పతనం గురించి మాట్లాడతారు.

కాలేజీ పెట్టి నలభై ఏళ్ళయింది. మలయ్ దేశంలో ఈ సుంగై పెటానీ ఊళ్ళో చదువుకున్న వాళ్ళందరికీ ఈ కాలేజీ అంటే ముందు గుర్తొచ్చేది బాస్కెట్‌బాలే. అందుకని పండుగ పేరుతో ఒక చర్చ పెట్టారు. తొంభై ఆరులో గెలిచిన జట్టు గొప్పదా, రెండు వేల పదహారులో గెలిచిన జట్టు గొప్పదా? పాత విద్యార్థులు వాదిస్తారు, వచ్చినవాళ్ళు ఫోన్లో ఓట్లు వేస్తారు, గెలిచిన జట్టు బొమ్మ ఈ హాలు గోడ మీద శాశ్వతంగా ఉంటుంది. ఆ రెండు బొమ్మలూ ఇప్పుడే ఒక పెద్ద బ్యానరు మీద ఎదురెదురుగా వేలాడుతున్నాయి. తొంభై ఆరు వైపు మధ్యలో పొడుగ్గా, నల్లగా, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నవాడు ముగిలన్. అతని ఎడమ కాలికి పసుపుపచ్చ కట్టు. బ్యానరు వేసినవాడు ఆ పసుపును ఇంకాస్త మెరిపించాడు.

అప్పడు ఆ వైపు చూడకుండా తుడిచాడు.

అతనికి అరవై రెండేళ్ళు. పొట్టివాడు, వెడల్పు భుజాలు, చెవుల్లో నెరిసిన వెంట్రుకలు, బనీను మీద కాలేజీ ఇచ్చిన నీలం చొక్కా. మనిషికి సరిపోని పెద్ద చేతులు. బొటనవేళ్ళు చదునుగా, గట్టిగా ఉంటాయి. ఆ చేతులు వాళ్ళమ్మ పోలమ్మవి. ఊరవతల రబ్బరు తోటలో ఆవిడ పాల కోసం చెట్లు గీసేది, బెణికినవాళ్ళకీ విరిగినవాళ్ళకీ కట్లు కట్టేది. ఆవిడ దగ్గర రెండు రకాల కట్లుండేవి. ఒకటి నయం చేసే కట్టు. వెదురు బద్దలు పెట్టి, వదులుగా, నెల రోజులుంచేది. రెండోది పూటకట్టు. తెల్లారేసరికి వరసలో నిలబడకపోతే కూలీల మేస్త్రీ కంగాణీ పేరు కొట్టేసేవాడు, అందుకని కాలు విరిగినా ఆ పూటకి చెట్లు గీయగలిగేలా బిగించి కట్టే కట్టు అది. చీలమండ చుట్టూ ఎనిమిది చుట్లు, మడమ వెనక ముడి. కట్టించుకున్నవాడికి నొప్పి తెలియదు, అసలు పాదమే తెలియదు. దానికి ఒకటే నియమం. మధ్యాహ్నానికల్లా విప్పెయ్యాలి. పొద్దెక్కేసరికి పోలమ్మ పాలబకెట్టు దించి, వరస వరసా తిరిగి, తను కట్టిన కట్లన్నీ తనే విప్పి వచ్చేది. ఆ తర్వాతే అన్నం తినేది.

ఈ మధ్యాహ్నం అప్పడు వేదిక ఎక్కి, అందరి ముందూ ఒక విద్యార్థి కాలికి ఆ పూటకట్టు కట్టి చూపించాలి. తొంభై ఆరు జట్టును గెలిపించిన కట్టు అని దాని పేరు. ఆ తర్వాత ఆ గుడ్డ అద్దాల పెట్టెలోకి వెళుతుంది. సోమవారం నాడు ఆఫీసు వాళ్ళు చెప్పారు. అడగలేదు, చెప్పారు. ఆ కట్టు ఇంకెవరికీ కట్టనని అతను ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం అనుకున్నాడు. అనుకున్నట్టే ఉన్నాడు. ఇప్పుడు కట్టనంటే ఎందుకో చెప్పాలి, చెప్పాలంటే తను చేసింది కూడా చెప్పాలి.

పది గంటలకు సామాన్ల గదిలో కూర్చుని టీ తాగుతుంటే భార్య ఇందిర ఫోన్ చేసింది.

"తిన్నావేటి?"

"తిన్నాను."

"డబ్బాలో పసుపు, సున్నం కలిపి పెట్టినాను. నీ పాత కైలీ లుంగీ సింపి గుడ్డ కూడా పెట్టినాను. సూసినావా?"

"సూసినాను."

వెనక ఫ్యాన్ చప్పుడు వినిపించింది.

"కడతావేటి మరి?"

"ఏటో. ఆల్లు పేరు రాసేసినారు."

"మనసొప్పకపోతే ఇంటికొచ్చీ లా. అన్నం ఉంది."

ఫోన్ పెట్టేశాక అప్పడు డబ్బా మూత తీసి వాసన చూశాడు. పసుపు, సున్నం. మూత మళ్ళీ గట్టిగా బిగించాడు. గదిలో ముప్పై ఏళ్ళ బూట్ల కంపు ఎప్పుడూ ఉండేదే, దాన్ని అతను పట్టించుకోడు. ఈ డబ్బా వాసనే పట్టలేకపోయాడు.

తొంభై ఆరు ఫైనల్ రోజు పొద్దున కూడా ఇదే గదిలో, ఇదే బల్ల మీద ముగిలన్ పడుకున్నాడు. ముందురోజు ఆటలో పడ్డాడు. అప్పడు పాదం ఒళ్ళో పెట్టుకుని బొటనవేలిని ఎముక వెంట నడిపాడు. ఒకచోట వేలు మెట్టు దిగినట్టు దిగింది. ఎముక విరిగిందని అతనికి అప్పుడే తెలుసు. కోచ్‌తో ఆ మాట చెప్పాడు కూడా. కోచ్ తలుపు మూసి, ఈ మాట మళ్ళీ అనొద్దని, ఆడేలా కట్టమని చెప్పాడు. అప్పడు కట్టాడు. ఎంత బాగా కట్టాడంటే ముగిలన్ లేచి నిలబడి, రెండుసార్లు గెంతి, అతన్ని కౌగిలించుకున్నాడు. ఆ క్షణంలో అప్పడికి గర్వం కలిగింది. ఆ గర్వం గుర్తొచ్చినప్పుడల్లా అతనికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

గెలిచారు. ఆ సాయంత్రమే జట్టంతా బస్సెక్కి, ఫెర్రీలో సముద్రం దాటి, జార్జ్ టౌన్‌లో సంబరాలకు వెళ్ళింది. అప్పడు వెళ్ళలేదు. కోర్టు ఊడవాలి కదా. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి పరిగెత్తి, తెలుగు తెలిసిన కెప్టెన్ శివనేశన్‌తో కట్టు దారిలోనే విప్పేయమని చెప్పాడు. శివనేశన్ తలూపాడు. వాళ్ళు రెండు రోజుల తర్వాత తిరిగొచ్చారు. కట్టు అలాగే ఉంది. అప్పడు కట్టిన కట్టును అప్పడి చేత్తోనే విప్పాలని కోచ్ అన్నాడట. వేళ్ళు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో కత్తెరతో ఆ గుడ్డ కోసి పారేశారు, తర్వాత పాదం సగం తీసేశారు. చదువు మానేసి ముగిలన్ దూరాన ఉన్న క్లాంగ్ ఊరికి వెళ్ళిపోయాడు. ఏ గోడౌన్‌లోనో కుర్చీలో కూర్చునే పని దొరికిందన్నారు. కాలేజీలో మాత్రం కథ వేరేగా పెరిగింది. విరిగిన కాలితో ఆడి గెలిపించిన వీరుడు, పసుపుకట్టు మహిమ. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు ఎవరో ఒకరు ఈ కథ చెబుతారు. పాదం సంగతి దగ్గరికి వచ్చేసరికి కథ ఆగిపోతుంది.

పన్నెండున్నరకి శివనేశన్ వచ్చాడు. ఇప్పుడతను డాతో శివనేశన్. రాష్ట్రం ఇచ్చిన బిరుదు, రెండు ఫ్యాక్టరీలు, బాతిక్ చొక్కా లోపల ముందుకొచ్చిన పొట్ట. పాత విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు. ఇంట్లో తమిళమే గాని అమ్మమ్మ దగ్గర కొంత తెలుగు నేర్చుకున్నాడు, ఈ ఊళ్ళో అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తాడు. పని ఉన్నప్పుడే అతనికి ఆ తెలుగు గుర్తొస్తుంది.

"ఏటి అన్నా, ఇంకా నేలేనా? నీకు వయసే రాదు లా."

"కూచోండి, డాతో."

శివనేశన్ బల్ల వైపు చూసి, కూర్చుంటే చొక్కా మాస్తుందనుకున్నాడేమో, నిలబడే మాట్లాడాడు. "కట్టు పిల్లలకెందుకు? నా కాలికే కట్టు. కెప్టెన్ కాలు. ఫోటో బావుంటది."

"ఆ కట్టు వద్దు, డాతో. మంచిది కాదది."

"సిగ్గు పడతావేటి? నువ్వు లేకపోతే మాకు కప్పు లేదు. నీ కాంట్రాక్టు వచ్చే ఏడాదికి నేను మాట్లాడినాను. సరేనా?"

అప్పడు డబ్బా తీసి అరలో పెట్టాడు. శివనేశన్ అది సరే అనే తీసుకుని వెళ్ళిపోయాడు. అతను పూసుకున్న సెంటు వాసన గదిలో చాలాసేపు ఉంది.

మూడు గంటలకు హాలు నిండింది. రెండు వైపులా రెండు కుర్చీలు. ఒక దాంట్లో శివనేశన్, ఇంకో దాంట్లో పదహారు జట్టుకు గార్డుగా ఆడిన విఘ్నేశ్వరన్. సన్నగా ఉంటాడు, ఇప్పుడెక్కడో స్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. మాటలు మలయ్‌లో, ఇంగ్లీషులో, మధ్యమధ్య తమిళంలో సాగాయి. అప్పడు రింగు స్తంభానికి ఆనుకుని, డబ్బా చేత్తో పట్టుకుని విన్నాడు.

మేం ఎండలో సిమెంటు మీద ఆడాం, పడితే చర్మం నేలకే ఉండిపోయేదని శివనేశన్ అన్నాడు. ఏడుగురే ఆటగాళ్ళు, వానలో నానిన తోలు బంతి రాయిలా ఉండేది, రింగు కిందకి దూరి మోచేతి దెబ్బలు తిని పాయింట్లు తెచ్చాం, మీరేమో ఏసీలో నిలబడి దూరం నుంచి విసిరారు అన్నాడు. చప్పట్లు మోగాయి. దూరం నుంచి విసరడం తేలికనుకుంటే మీరెందుకు విసరలేదని విఘ్నేశ్వరన్ అడిగాడు. మేం పందొమ్మిది మ్యాచ్‌లు ఓడకుండా ఆడాం, మీరు గుంపుగా రింగు కింద నిలబడి కాపలా కాస్తుంటే మేం గీత బయట నుంచి మొదటి పది నిమిషాల్లోనే ఆట ముగించేసేవాళ్ళం అన్నాడు. పడుచువాళ్ళు ఈలలు వేశారు.

రెండు జట్ల ప్రతి మ్యాచూ చూసిన మనిషి ఆ హాల్లో ఒక్కడే ఉన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే అప్పడి దగ్గర జవాబుంది. తొంభై ఆరు జట్టు ఆడిన రోజుల్లో సిమెంటు మీద రంగు రింగు కిందే అరిగేది. అంతా ముగిలన్ దగ్గరికి బంతి వేయడం, మిగతావాళ్ళు నిలబడి చూడడం. ఏటా ఆ ఒక్కచోటే అతను మళ్ళీ రంగు వేసేవాడు. పదహారు జట్టు ఆడాక బూట్ల నల్లగీతలు కోర్టు నాలుగు మూలలా ఉండేవి. ఎవరూ ఎక్కడా ఆగలేదని నేల చెప్పేది. ఆ గీతలు తుడవడానికి రెండింతలు పొద్దు పట్టేది, అయినా అతనికి విసుగు రాలేదు. పదిహేను పాయింట్ల తేడాతో పదహారు వాళ్ళే గెలుస్తారు.

శివనేశన్ చివరి దెబ్బ కొట్టాడు. "మరుసటి ఏడు మీ సెంటర్‌కి కాలు బెణికితే ఓడిపోయారు కదా. ఒక్క బెణుకు. మావాడు విరిగిన కాలితో ఆడాడు."

విఘ్నేశ్వరన్ మైకు దగ్గరగా తీసుకున్నాడు. "నిజమే. విరిగి ఉంటే కూడా ఓడిపోయేవాళ్ళం. మేమైతే బయట కూర్చోబెట్టేవాళ్ళం."

హాలంతా గొల్లున నవ్వింది. అది ఓటమి ఒప్పుకోవడమనుకున్నారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. విఘ్నేశ్వరన్ నవ్వలేదు. ఆ ఒక్క మాట తను ఆ రోజు తలుపు మూసిన గదిలో అని ఉండాల్సిందని అప్పడికి అనిపించింది. ఈ నవ్వేవాళ్ళందరి ముఖాలూ ఒకేలా, నూనె రాసినట్టు కనిపించాయి.

అతని పేరు పిలిచారు.

మెట్లెక్కి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. శివనేశన్ బూటు, మేజోడు తీసి పాదం అతని ఒళ్ళో పెట్టాడు. తెల్లగా, మెత్తగా, పౌడరు వేసిన పాదం. ఎప్పుడూ నేల తగిలినట్టు లేదు. అప్పడు పసుపు పట్టించి గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు. ఫోటోలు తీస్తున్నారు. ఓట్లు వేయడానికి పది నిమిషాలు టైమిస్తున్నామని మైకులో చెప్పి పాట పెట్టారు. ఆ పాట చప్పుడులో శివనేశన్ వంగి, నవ్వు చెరగకుండా అడిగాడు.

"అన్నా, ముగిలన్ ఎక్కడున్నాడు? నీకు తెలిసే ఉంటది. మనోళ్ళు నెంబర్ వెతికినారు, దొరకలేదు."

అప్పడు నాలుగో చుట్టు చుట్టాడు.

"సచ్చిపోనాడు. పదకొండేళ్ళయింది. సుగరొచ్చి, ఆ కాలే మల్లీ పుండైంది. క్లాంగ్‌కి బస్సెక్కి నాను ఎల్లినాను. కాలేజీ నుంచి ఇంకెవులూ రాలేదు."

శివనేశన్ నవ్వు కాసేపు అలాగే నిలిచి ఉంది. కెమెరా ఇటే ఉంది మరి.

"అయ్యో," అన్నాడు. తర్వాత, "ఇవాళ చెప్పకు అన్నా. రేపు చెబుదాం. జనాలకి మూడ్ పాడవుతది."

అప్పడు తలెత్తి అతన్ని చూశాడు. కోపం రాలేదు. కోర్టు మీద ఎండిపోయిన పచ్చడి మరక చూసినట్టు చూశాడు. మిగిలిన నాలుగు చుట్లు చుట్టాడు, వాళ్ళమ్మ చుట్టినట్టే, ఒక్కో చుట్టుకీ బొటనవేలు ఆనించి. మడమ వెనక ముడి వేశాడు. లేచి వెళ్ళలేదు, అక్కడే కూర్చున్నాడు.

నాలుగు నిమిషాలు గడిచాయి. శివనేశన్ కుర్చీలో కదిలాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"కొంచెం వదులు చెయ్, అన్నా. సాకిత్ లా, నొప్పి."

"ఆడు కూడా ఇదే మాటన్నాడు కామోసు, బస్సులో."

"ఏం మాటలవి?"

"ఇప్పేయమని నీకే సెప్పినాను. కిటికీ కాడ. తలూపినావు."

శివనేశన్‌కి గుర్తొచ్చిందో, గుర్తుండే ఉందో అప్పడికి తెలియలేదు. కట్టు కింద నుంచి బయటికొచ్చిన అయిదు వేళ్ళూ మొదట ఎర్రబడ్డాయి, తర్వాత పాలిపోయాయి. ఎదురుగా మూడు వందల మంది కూర్చుని ఉన్నారు. ఒక్కరికీ ఈ భాష రాదు. ఎదుటి కుర్చీలోంచి విఘ్నేశ్వరన్ మాత్రం ఆ వేళ్ళ వైపు చూస్తున్నాడు.

"విప్పు అన్నా," శివనేశన్ అన్నాడు. "చుకుప్. చాలు."

"పది నిమిషాలు కాలేదు, డాతో. ఆడు రెండు రోజులుంచుకున్నాడు."

ఆ మాట అన్న నోటితోనే అతను ముందుకు వంగి ముడి పట్టుకున్నాడు. ఈ మనిషి కాలు కుళ్ళిపోయినా తనకు బాధ లేదనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. చేతులు మాత్రం ఊరుకోలేదు. పూటకట్టు కట్టి వదిలేసి పోయే చేతులు కావవి. ఒక్కసారి అలా పోయినందుకే ఇన్నేళ్ళుగా సరిగా అన్నం తినలేదు. ఎనిమిది చుట్లూ విప్పి, పాదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి, రక్తం తిరిగి వచ్చేదాకా రుద్దాడు.

ఓట్లు లెక్కయ్యాయి. తొంభై ఆరు గెలిచింది. ఫలకం తీసుకోవడానికి శివనేశన్ ఒంటి కాలి మీద బరువు మోపి, కుంటుతూ ముందుకు వెళ్ళాడు. ముగిలన్‌ను అనుకరిస్తున్నాడనుకుని హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. శివనేశన్ ఒక్క క్షణం తడబడి, ఆ తర్వాత రెండు చేతులూ పైకెత్తి, ఇంకాస్త ఎక్కువగా కుంటాడు.

అప్పడు మెట్లు దిగి సామాన్ల గదికి వెళ్ళాడు. పాదాలకు కట్టుకునే గుడ్డలు పిండి తాడు మీద ఆరేశాడు. సొరుగులో వచ్చే ఏడాది కాంట్రాక్టు కాగితం సంతకం లేకుండా ఉంది, దాన్ని అలాగే ఉంచాడు. తాళాల గుత్తి మేకుకు తగిలించి, నీలం చొక్కా విప్పి దాని పక్కనే వేసి, తన చొక్కా తొడుక్కున్నాడు. బయట విఘ్నేశ్వరన్ నిలబడి ఉన్నాడు.

"అంకుల్," అన్నాడు తమిళంలో, "ముగిలన్ అన్నకి ఏమైంది?"

అప్పడు మోటార్‌సైకిల్ మీద కూర్చుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, తనకొచ్చిన తమిళంలో అంతా చెప్పాడు. ఎముక విరిగిందని తనకు తెలుసన్న సంగతి ముందు చెప్పాడు. చెప్పడం అయ్యాక అప్పడు బండి స్టార్ట్ చేసి గేటు దాటి వెళ్ళిపోయాడు. ఇంట్లో అన్నం ఉంది.

హాల్లో ఆఫీసు అమ్మాయి వేదిక మీద పడి ఉన్న గుడ్డను ముక్కు ముడుచుకుని రెండు వేళ్ళతో ఎత్తి, అద్దాల పెట్టెలో పెట్టి, తాళం వేసింది. కింద ఇత్తడి రేకు మీద 1996 అని ముందే చెక్కించారు. లోపల అప్పడి పాత కైలీ ముక్క మీద పసుపు ఇంకా తడిగానే ఉంది, దాని చెమ్మకు అద్దం లోపలివైపు మసకబారుతోంది.